బెల్లం తిన్న ఏనుగుకి చందా

మా వీధి చివర ఉండే హారిక అనే అమ్మాయి ఈ మధ్య వీధికుక్కలకి వైద్యం చేయించే ఒక సంస్థలో చేరింది. డబ్బులు పోగుచేసే పని తనకి అప్పజెప్పారట. నేను జీవితమంతా ఆ పనే చేశానని ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చింది. అప్పట్లో ఫోన్లు లేవు, ఫొటోలు పెట్టడం లేదు, మరి చందాలు ఎలా అడిగేవారని అడిగింది. నోటితో అడిగేవాళ్ళం అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. శ్రద్ధగా రాసుకుంది.

అది చూశాక నాకు జాలేసింది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి పని ఏమిటో ఎవరూ చెప్పడం లేదన్నమాట. నాకు మాత్రం ఎవరు చెప్పారు గనక. ఒక రిటైరైన రైలు గార్డు, ఒక చచ్చిపోయిన గుర్రం, ఒక దొంగ ఏనుగు చెప్పాయి. ఆ ముగ్గురి గురించీ రాస్తాను.

పేరు వల్ల వచ్చిన ఉద్యోగం

నా పేరు సింహాచలం. మాది పొందూరు. మా వైపు ఈ పేరు మగవాళ్ళకీ పెడతారు, ఆడవాళ్ళకీ పెడతారు. అరవైల చివర విజయనగరంలో, రైలు పట్టాలకి అవతల పాడుబడ్డ గోగునార గిడ్డంగి ఒకటి ఉండేది. అందులో కొందరు పెద్దమనుషులు కలిసి మూగజీవాల ఆశ్రమం నడిపేవారు. కుంటి ఎడ్లు, జబ్బుపడ్డ జట్కా గుర్రాలు, ముసలివైపోయాయని వదిలేసిన గాడిదలు, ఎవరివో తెలియని కుక్కలు అందులో ఉండేవి. చందాలు వసూలు చేసే గుమాస్తా కావాలని తెలిసి, స్కూలు ఫైనలు పాసై ఖాళీగా ఉన్న నేను దరఖాస్తు పెట్టాను.

కార్యదర్శి సన్యాసిరావుగారు నా పేరు చూసి, ఎవరో దిట్టమైన కుర్రాడనుకుని రమ్మన్నారు. నేను వెళ్ళి నిలబడ్డాను. ఆయన నన్ను ఒకసారి చూశారు. నా వెనకాల అసలు సింహాచలం వస్తున్నాడేమోనని గుమ్మం వైపు చూశారు. మళ్ళీ నన్ను చూశారు. రైల్వేలో గార్డుగా చేసిన మనిషి, కదిలిన బండిని వెనక్కి పిలవడం ఆయన స్వభావంలో లేదు. "సరే, వచ్చీసినావు కదా, ఉండమ్మా" అన్నారు. నా ఉద్యోగానికి జరిగిన ఇంటర్వ్యూ అంతే.

మేతకీ జీతాలకీ నెలనెలా ఇచ్చే చందాదారులు వేరే ఉండేవారు. వాళ్ళతో నాకు పని లేదు. నా పని ఆపదలది. బండి బోల్తాపడి కాలు విరిగిన ఎద్దో, కడుపుబ్బిన ఆవో, నూతిలోంచి పైకి తీసిన మేకో వచ్చేది. పశువుల డాక్టరుగారు వచ్చి చూసి ఇది కావాలి, ఇది కావాలి అని చెప్పేవారు. ఆయన చెప్పడం పూర్తయ్యేసరికి నేను చెప్పులేసుకుని బజారులో ఉండాలి. మందు విశాఖపట్నం నుంచి రావాలంటే దానికి డబ్బు కావాలి, తేవడానికి మనిషి కావాలి. మా దగ్గర ఆ రెండూ ఎప్పుడూ ఉండేవి కావు.

మొదట్లో నన్ను చూసి జనం పారిపోయేవారు. నేను కట్టేది మా పొందూరు ఖద్దరు చీర. అప్పుడప్పుడే ఎన్నికలు అయ్యాయి. ఖద్దరు కట్టుకుని గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడితే పార్టీ చందా అనుకుని, ఇంట్లో ఉన్న యజమానే ఇంట్లో ఎవరూ లేరని చెప్పి లోపలికి పోయేవాడు. "బాబూ, నేను గొడ్ల కోసం వచ్చాను" అని కేకేసి చెబితే తలుపు మళ్ళీ తెరుచుకునేది. మనుషుల కోసం కాదని తెలిస్తే వాళ్ళ ముఖాలు ఎంత తేలికపడేవో. కొన్నాళ్ళకి బజారు నాకు 'గొడ్ల పంతులమ్మ' అని పేరు పెట్టింది. అసలు పేరు కంటే అదే నాకు ఎక్కువ కలిసొచ్చింది.

బండి ఆపడం

సన్యాసిరావుగారి గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆయనకి పశువుల గురించి పెద్దగా తెలియదు. ప్రపంచంలో దేన్నయినా టైము ప్రకారం నడిపితే బాగుపడుతుందని ఆయన నమ్మకం. మేత వేసే వేళకి మెడలోని ఈల ఊదేవారు. అది గాడిదలకి బాగా అలవాటైపోయింది. పక్కనే రైలు పట్టాలు. అటుగా పోయే ప్రతి గూడ్సు బండి గార్డూ ఈల ఊదేవాడు. ఊదినప్పుడల్లా మా గాడిదలన్నీ పరుగెత్తుకొచ్చి ఖాళీ తొట్టి ముందు నిలబడేవి. వాటి ముఖాలు చూడలేక మేం కొంచెం కొంచెం వేసేవాళ్ళం. దేశంలో లావెక్కిన గాడిదలు బహుశా మా దగ్గరే ఉండేవి.

కానీ అడగడం ఎలాగో నాకు నేర్పింది ఆయనే. చేరిన కొత్తలో ఒక బట్టల కొట్టుకి వెళ్ళాను. మూగజీవాల మీద దయ గురించి, ప్రాణికోటి గురించి, మన సంస్కృతి గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. కొట్టు యజమాని కదలకుండా విన్నాడు. టీ తెప్పించాడు. చాలా బాగా మాట్లాడావు, మా అమ్మాయికి కూడా నేర్పమన్నాడు. చందా మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఉపన్యాసంలో అది చెప్పడం మరిచిపోయాను.

వెనక్కి వచ్చి జరిగింది చెబితే సన్యాసిరావుగారు నవ్వలేదు.

"ఏటి కావాలో సెప్పు. ఎవులికి కావాలో సెప్పు. ఎప్పటికి కావాలో సెప్పు. ఆ తరవాత నోరు ముయ్యి. నువ్వు బండి ఆపకపోతే వాళ్ళెక్కడ ఎక్కుతారమ్మా?"

వినడానికి తేలికగానే ఉంటుంది. చేసి చూడండి. ఎదుటి మనిషి గడ్డం గోక్కుంటూ ఎటో చూస్తుంటే, 'పోనీ లెండి, తరవాత వస్తాను' అనే మాట మన గొంతులోకి వచ్చి నిలబడుతుంది. దాన్ని మింగడం నాకు చాలాకాలం చేతకాలేదు. ఇవ్వనివాళ్ళ వల్ల పోయిన చందాల కంటే, ఇవ్వబోతున్నవాళ్ళకి అడ్డం మాట్లాడి నేను పోగొట్టినవే ఎక్కువ.

ఇంకొక సంగతి కూడా అప్పుడే తెలిసింది. మనిషి తన దగ్గర ఉన్న సరుకు ఇవ్వడానికి ఇష్టపడినంతగా డబ్బు ఇవ్వడానికి ఇష్టపడడు. సబ్బుల కొట్టాయన్ని సబ్బులే అడగాలి. కట్టెల అడితీలో కట్టెలే అడగాలి. తన సరుకు ఒక ప్రాణాన్ని నిలబెడుతుందంటే ఆ మనిషికి తన వ్యాపారం మీదే కొత్త గౌరవం పుడుతుంది. ఇక రూపాయి ఇవ్వకుండా గంటసేపు సలహా ఇచ్చేవాళ్ళు మీకు కోకొల్లలుగా తగులుతారు. వాళ్ళతో వాదించకండి. అలాంటి ఒకాయన్ని నేను ఆశ్రమానికి పిలిచి, ఆ సలహా నేరుగా ఎద్దుకే చెప్పమన్నాను. తరవాత ఆయన చందా ఇచ్చాడు.

పైడయ్య గుర్రం

ఇది నవ్వే సంగతి కాదు. అయినా చెప్పకపోతే తరవాతిది అర్థం కాదు.

పైడయ్య అనే జట్కా ఆయన గుర్రానికి గిట్ట పక్కన మేకు దిగింది. ఆయన పసుపు పెట్టి ఊరుకున్నాడు. కొన్నాళ్ళకి గుర్రం దవడలు బిగుసుకుపోయాయి, మేత ముట్టడం మానేసింది. అది ధనుర్వాతమని, విశాఖపట్నం నుంచి సీరం తెప్పిస్తే ఏమైనా ఆశ ఉండొచ్చని డాక్టరుగారు చెప్పారు. నేను బజారంతా తిరిగాను. అందరికీ తెలిసిన గుర్రం. వాళ్ళ పిల్లల్ని బడికి తీసుకెళ్ళిన గుర్రం. మధ్యాహ్నానికల్లా కావలసింది పోగైంది, సాయంత్రం బండికి సీరం వచ్చింది, ఇంజెక్షన్లూ పడ్డాయి. గుర్రం చచ్చిపోయింది.

సన్యాసిరావుగారు పాత రైల్వే టోపీ పెట్టుకుని, నన్ను పదమన్నారు. ఎక్కడికని అడిగాను. చందా ఇచ్చిన ప్రతి కొట్టుకీ వెళ్ళి గుర్రం పోయిందని చెప్పి రావాలట. ఇలా చెప్పుకుంటూ పోతే మళ్ళీ ఎవరిస్తారండీ అన్నాను.

"టిక్కెట్టు కొన్నోడికి బండి రాదని సెప్పొద్దా?" అన్నారు ఆయన.

తిరిగాం. కొందరు చీ అని విసుక్కున్నారు. కొందరు డాక్టరు మంచివాడు కాదేమోనన్నారు. టీ కొట్టు ఎర్రమ్మ మాత్రం గ్లాసులు కడగడం ఆపి, గుర్రం బాధపడిందా అని అడిగింది. పడిందని సన్యాసిరావుగారు చెప్పారు. ఆమె మళ్ళీ గ్లాసులు కడుక్కుంది. ఆ రోజు ఇంటికి వెళ్ళి నేను అన్నం తినలేదు. ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మానలేదు గానీ, ఆ తిరుగుడు ఎందుకు తిరిగామో మాత్రం నాకు కొన్నాళ్ళ దాకా తెలియలేదు.

చంపా వచ్చింది

ఏటా కోతలు అయిపోయాక ఒడిశా వైపు నుంచి జొగొన్నాథ్ అనే ముసలి మావటి ఒక ఆడ ఏనుగుని తోలుకుని మన వైపు వచ్చేవాడు. శ్రీకాకుళం, ఎచ్చెర్ల మీదుగా ఊరూరా ఆగుతూ, గడపగడపకీ దాని చేత దీవెనలు ఇప్పిస్తూ విజయనగరం చేరేవాడు. ఏనుగు పేరు చంపా. ఊరంతటికీ దానంటే ముద్దు.

ఆ ఏడు చంపా ఒక పని చేసింది. తెల్లవారుజామున కట్టు తెంపుకుని వెళ్ళి, అప్పలస్వామి అనే బెల్లం వర్తకుడి గోదాము వెనక తలుపు తోసేసింది. లోపల కొత్త బెల్లం గోనెసంచుల్లో కట్టి ఉంది. ముడులు విప్పే ఓపిక ఏనుగుకి ఎక్కడుంటుంది? గోనెతో సహా తినేసింది. అప్పలస్వామి వచ్చి చూసేసరికి చంపా తృప్తిగా చెవులు ఊపుతోంది. ఆయన పెట్టిన కేకలకి బజారంతా లేచింది.

మర్నాడు మధ్యాహ్నం చంపాని మా ఆశ్రమానికి నడిపించుకొచ్చాడు జొగొన్నాథ్. ముందురోజు నుంచి పేడ వెయ్యలేదు. కడుపు నగారాలాగా బిగిసింది. పడుకుంటుంది, లేస్తుంది, వెనక్కాలితో పొట్ట తన్నుకుంటుంది. మా గేటు దానికి చాలక బయటే నిలబడింది. దాన్ని చూసి మా గాడిదలు గిడ్డంగి లోపలి గోడకి అంటుకుపోయాయి.

డాక్టరు గోపాలంగారు కృష్ణా జిల్లా నుంచి బదిలీ అయి వచ్చిన కుర్రాడు. ఏనుగు చుట్టూ ఒకసారి తిరిగి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తరవాత నాకొక్కదానికే వినబడేలా, "సింహాచలంగారూ, పరీక్షలో ఏనుగు ప్రశ్న వచ్చిందండీ. నేను చాయిస్‌లో వదిలేశాను" అన్నారు.

కానీ ఆయన పారిపోలేదు. పుస్తకం తెప్పించుకుని అక్కడే నిలబడి చదివారు. తిన్న గోనె పీచు పేగులో తాడులా చుట్టుకుని అడ్డం పడి ఉంటుందన్నారు. వెనక నుంచి గోరువెచ్చని సబ్బునీళ్ళు ఎక్కించాలి. ముందు నుంచి నూనె తాగించాలి. రెండూ ఏనుగుకి సరిపడా. మర్నాడు పొద్దుటికి కదలిక రాకపోతే ఇక కష్టమన్నారు. జొగొన్నాథ్ ఆ మాట విని చంపా చెవి పట్టుకుని నిలబడిపోయాడు. వచ్చీరాని తెలుగులో అతను నాతో చెప్పింది ఇంతే. ఇన్ని ఊళ్ళు తిరిగాడు గానీ తనని ఎవరూ పేరు పెట్టి పిలవరు. చంపా వచ్చింది అంటారు. అది లేకపోతే తను ఏ ఊళ్ళోకి వెళ్ళినా ఎవరో తెలియని ముసలాడు.

నేను బజారు మీద పడ్డాను. సబ్బులు సబ్బుల కొట్టులో దొరికాయి. నీళ్ళు కాచడానికి గంగాళాలు పెళ్ళివంటలవాళ్ళు ఇచ్చారు. గానుగాయన ఆముదం డబ్బాలు రిక్షాలో వేయించాడు. నీళ్ళు ఎక్కించే పంపు మాత్రం ఎక్కడా లేదు. ఆఖరికి సినిమాహాల్లో, నిప్పంటుకుంటే ఆర్పడానికి గోడకి తగిలించిన చేతిపంపు కనిపించింది. మేనేజరు ఒప్పుకోలేదు. ఆట మధ్యలో నిప్పంటుకుంటే ఏం చెయ్యాలన్నాడు. ఏనుగు బతికితే అదే వచ్చి తొండంతో ఆర్పుతుంది బాబూ అన్నాను. ఆయన నవ్వు ఆపుకోలేక పంపు ఇచ్చేశాడు. నవ్విన మనిషి మళ్ళీ కాదనలేడు. ఇది మీరు గుర్తుపెట్టుకోవచ్చు.

తిరిగొచ్చేసరికి ఆశ్రమం ముందు తిరునాళ్ళలా జనం. కొందరు సాక్షాత్తు వినాయకుడికే జబ్బు చేసిందని కొబ్బరికాయలు కొడుతున్నారు. కొబ్బరికాయకి బదులు ఒక కట్టెపుల్ల తెచ్చినా పుణ్యమేనని చెప్పి, వాళ్ళందర్నీ పొయ్యి కిందికి కట్టెలు తేవడానికి పంపాను. జనాన్ని వరసలో నిలబెట్టడానికి సన్యాసిరావుగారు ఈల ఊదారు. జనం కదల్లేదు. గాడిదలు మాత్రం భయం మరిచిపోయి వచ్చి వరసలో నిలబడ్డాయి.

సబ్బునీళ్ళ పని సాగింది. నూనె దగ్గర బండి ఆగింది. డాక్టరుగారు వెదురు గొట్టంతో పోయబోతే చంపా ఆ గొట్టాన్ని మర్యాదగా ఆయన చేతిలోంచి తీసుకుని దూరంగా పెట్టింది. అరటిపండులో పెడితే పండు పిసికి పారేసింది. అప్పుడు జొగొన్నాథ్, "గుడొ. గుడొ అయితే ఖాయిబొ" అన్నాడు. అంటే బెల్లమైతే తింటుందని. తాటిబెల్లం తెప్పించాం. చంపా వాసన చూసి దాన్ని తీసుకెళ్ళి డాక్టరుగారి భుజం మీద పెట్టింది. ఇంకో కొట్టు పాతబెల్లం తెచ్చాం. అదీ భుజం మీదికే వెళ్ళింది. అందరికీ అర్థమైంది. దొంగతనం చేసి తిన్న ఆ కొత్త బెల్లమే కావాలి దానికి. అలాంటిది ఊళ్ళో ఒక్కరి దగ్గరే ఉంది.

అప్పలస్వామి కొట్టు

అప్పలస్వామి మా ఆశ్రమానికి ఏనాడూ ఒక్క బెల్లం ముక్క ఇచ్చినవాడు కాదు. చెడ్డవాడేం కాదు. అడిగినవాళ్ళందరికీ ఒకే జవాబు చెప్పేవాడు, అంతే. నేను వెళ్ళేసరికి విరిగిన తలుపు పక్కన కూర్చుని వడ్రంగితో మాట్లాడుతున్నాడు.

ఏనుగుకి నూనె పట్టించాలి, దానికి మీ కొత్త బెల్లం కావాలి, చీకటి పడే లోపల కావాలి అని చెప్పాను. చెప్పి నోరు మూసుకున్నాను.

ఆయన ముందు తను సరిగా విన్నాడో లేదో అన్నట్టు వడ్రంగి వైపు చూశాడు. వడ్రంగి తల ఊపాడు.

"నా బెల్లం తినీసినాది. నా గోనెలు తినీసినాది. నా తలుపు ఇరగ్గొట్టీసినాది. అది సాలక, ఆ దొంగదానికి సందా ఇమ్మని నా కొట్టుకే వచ్చినావేటి పంతులమ్మా?"

ఆయన ఇంకా చాలా అన్నాడు. మావటిని అన్నాడు, ఆశ్రమాన్ని అన్నాడు, నా గొడుగుని కూడా అన్నాడు. అన్నింటికీ నా దగ్గర మంచి మంచి జవాబులున్నాయి. ఒక్కొక్కటే మింగాను. ఆయనకి ఆయాసం వచ్చి ఆగాడు. వడ్రంగి కూడా ఉలి ఆపేశాడు.

చాలాసేపటికి ఆయన గొంతు తగ్గించి, "నీ బెల్లం తింటే అది బతుకుతాదా?" అన్నాడు. నాది కాదు, మీదే అని అనబోయి ఆగాను.

"తెలీదు బాబూ. డాక్టరు గారికీ తెలీదు. తినకపోతే మాత్రం బతకదు."

ఆయన నన్ను కొత్తగా చూశాడు. "పైడిగాడి గుర్రం సచ్చిపోతే కొట్టుకొట్టుకీ వచ్చి సచ్చిపోనాదని సెప్పినారట. ఎర్రమ్మ సెప్పినాది. నిజవేనా?"

నిజమే అన్నాను.

"అలగ ఎవులు సెప్తారు?" అని తనలో తనే అనుకున్నట్టు అని, లేచి లోపలికి వెళ్ళాడు. కొత్త బెల్లం దిమ్మ ఒకటి పైపంచెలో కట్టుకుని బయటికి వచ్చాడు. చెయ్యి చాపితే నాకు ఇవ్వలేదు. తన బెల్లం ఎవరి నోట్లోకి పోతుందో తనే చూసుకోవాలన్నాడు. గుర్రం చచ్చిపోయినప్పుడు మేం ఎందుకు అన్ని గడపలు తొక్కామో నాకు ఆశ్రమానికి వెళ్ళే రిక్షాలో, ఆయన పక్కన కూర్చున్నప్పుడు అర్థమైంది.

ముద్దలు

బెల్లాన్ని దంచి, నూనెలో కలిపి, పైన తవుడు అద్ది పెద్దపెద్ద ముద్దలు చేశాం. జొగొన్నాథ్ పెట్టబోతే చంపా నోరు తెరవలేదు. మందు దాచి పెట్టడం అతనికి అలవాటని దానికి తెలుసు. డాక్టరుగారి చేతి నుంచి అసలే తీసుకోదు. ఇంతలో దాని తొండం మెల్లగా జనంలోకి సాగింది. ఒకరి తరవాత ఒకరిని వాసన చూసుకుంటూ పోయి అప్పలస్వామి దగ్గర ఆగింది. ముప్పై ఏళ్ళ బెల్లం వ్యాపారం వాసన ఆ మనిషి ఒంటికి పట్టి ఉంది. తొండం ఆయన జేబులు వెతికింది. ఆయన కళ్ళు మూసుకుని, తనకి పిల్లలున్నారని చెప్పాడు. ఎవరికి చెప్పాడో తెలియదు.

"భయపడకండి, మీరే పెట్టండి" అన్నారు డాక్టరుగారు, చాలా దూరం నుంచి.

అప్పలస్వామి మొదటి ముద్ద అందించాడు. చంపా తీసుకుంది. నమిలింది. నూనె రుచి తగిలిందేమో, ఒక క్షణం ఆగి ఆయన్ని అనుమానంగా చూసింది. తరవాత మింగింది. జనంలోంచి ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

ఆ తరవాత ఆయన్ని అక్కడి నుంచి ఎవరూ కదపలేకపోయారు. దాన్ని తిడుతూనే ముద్ద మీద ముద్ద పెట్టాడు. ఎవరి కష్టార్జితం తింటున్నావో తెలుసా అని అడిగాడు. తలుపు ఖరీదు చెప్పాడు. తన కొడుకు కూడా ఇలాగే నమలకుండా మింగుతాడని చెప్పుకున్నాడు. చంపా చెవులు ఊపుతూ వింది. ఇంటి నుంచి పిలుపు వస్తే, ఇప్పుడు రానని, ఇక్కడ పెద్ద పేషెంటు ఉందని కబురు పంపాడు.

తెల్లవారేసరికి కూడా ఏమీ కాలేదు. డాక్టరుగారి ముఖం పాలిపోయి ఉంది. చంపా తల దించేసి నిలబడింది. జొగొన్నాథ్ దాని కాలు పక్కనే కూర్చుని ఏదో పాడుతున్నాడు, పాటో ప్రార్థనో తెలియదు. జనం కూడా పలచబడ్డారు. గుర్రం పోయినప్పుడు పెట్టుకున్న టోపీని సన్యాసిరావుగారు బయటికి తీసి చేతిలో పట్టుకోవడం చూశాను. ఆఖరిసారి ఒక గంగాళం సబ్బునీళ్ళు ఎక్కిద్దామన్నారు డాక్టరుగారు. అప్పలస్వామి పంచె ఎగ్గట్టి తనే పంపు కొట్టాడు.

కాసేపటికి చంపా కడుపులోంచి, దూరంగా గూడ్సుబండి వంతెన మీదికి వచ్చినట్టు ఒక చప్పుడు మొదలైంది. వెనక నిలబడి పుస్తకంలో ఏదో చూసుకుంటున్న డాక్టరుగారిని పక్కకి జరగమని నేను చెప్పేలోపలే జరగవలసింది జరిగిపోయింది. తల నుంచి కాలి దాకా ఆయన కనిపించలేదు. కళ్ళద్దాలు మాత్రం కనిపించాయి. ఆ స్థితిలోనే ఆయన రెండు చేతులూ పైకెత్తి నవ్వుతున్నారు. ఒక డాక్టరు అంత సంతోషంగా ఉండడం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

పీచు తాళ్ళు తాళ్ళుగా వచ్చింది. అప్పలస్వామి ఒక పుల్లతో దాన్ని కదిపి చూశాడు. ఎర్రరంగుతో వేసిన కొట్టు గుర్తు ఇంకా సగం కనబడుతోంది.

"నా సరుకే" అన్నాడు, గర్వంగా.

తరవాత

చంపా నాలుగు రోజులు మా దగ్గరే ఉండి కోలుకుంది. బయల్దేరే ముందు జొగొన్నాథ్ దాన్ని చందా ఇచ్చిన ప్రతి కొట్టు ముందుకీ తీసుకెళ్ళాడు. అరటిపళ్ళ బండివాళ్ళు మాత్రం అది వస్తోందని తెలిసి ముందే పక్కవీధిలోకి తప్పుకున్నారు. సినిమాహాలు మేనేజరు పంపు తిరిగి తీసుకుని, బాగా కడిగారు కదా అని రెండుసార్లు అడిగాడు. మేమూ వెంట తిరిగి, ఈసారి బతికిందని చెప్పాం. ఎర్రమ్మ కొట్టు ముందు సన్యాసిరావుగారు మామూలు కంటే చాలాసేపు ఆగారు.

హారికా, నాకు తెలిసింది నీకు చెప్పేస్తున్నాను. ఏడుస్తున్న కుక్కపిల్ల ఫొటో పెడితే డబ్బు వస్తుందని అన్నావు. వస్తుంది. కానీ ఆ కుక్కపిల్ల పోతే ఆ సంగతి కూడా అదే చోట పెట్టు. బతికితే ఎలా నడుస్తోందో చూపించు. ఇచ్చినవాళ్ళకి నువ్వు ఇవ్వగలిగింది అదొక్కటే. దేవుడి పేరు చెప్పి భయపెట్టకు. ఇవ్వనివాళ్ళని రాతిమనుషులు అనుకోకు. వాళ్ళలో చాలామందికి అడిగిన పద్ధతి నచ్చలేదు, లేదా వాళ్ళని ఎవరూ సరైన వస్తువు అడగలేదు. డబ్బు పోగుచేయడం ఈ పనిలో సగమే. మిగతా సగం, ఇంతవరకు దేన్నీ తాకని మనిషిని ఒక జబ్బు ప్రాణి దగ్గరికి తీసుకొచ్చి నిలబెట్టడం. ఆ తరవాత నువ్వు పెద్దగా చెయ్యవలసింది ఉండదు.

చంపా వెళ్ళిపోయిన కొన్ని వారాలకి, ఒక సాయంత్రం అప్పలస్వామి మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఏదైనా పని మీద వచ్చారా అని అడిగాను. ఏమీ లేదన్నాడు. ఇటుగా పోతున్నానన్నాడు. ఆయన ఇల్లు ఊరికి ఆ చివర. కాసేపు గేటు గొళ్ళెం పట్టుకుని తిప్పాడు.

"ఇప్పుడెవులికీ బాగులేదేటి పంతులమ్మా?" అన్నాడు.

నిజానికి ఆ వారం ఆశ్రమంలో అందరూ కులాసాగా ఉన్నారు. ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటమేసింది. ఆయన్ని లోపలికి తీసుకెళ్ళాను. వెతగ్గా వెతగ్గా ఒక ముసలి గాడిదకి కాస్త దగ్గు ఉన్నట్టు కనిపించింది. ఆ సంగతి చెప్పాను. ఆయన చెప్పులు పక్కన విప్పి, పైపంచె భుజం మీద సర్దుకుని, దాని దగ్గరికి వెళ్ళి గడ్డి మీద కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళబట్టి?" అని దాన్నే అడిగాడు.

చీకటి పడి నేను దీపం తెచ్చేదాకా అక్కడి నుంచి లేవలేదు.